మార్క్స్ వ్రణాలు – 'కాపిటల్' రచన: శరీరబాధ చారిత్రక ఆధారంగా

వ్యాససంగ్రహం

కార్ల్ మార్క్స్ 1863 చివరినుంచి 'కాపిటల్' మొదటి సంపుటం వెలువడేదాకా, ఆ తర్వాత కూడా, మళ్ళీమళ్ళీ పుట్టుకొచ్చే చీముగడ్డలతో బాధపడ్డాడు. ఈ వ్యాధి హైడ్రాడినైటిస్ సుప్పురాటివా అనే దీర్ఘకాలిక చర్మశోథ అయి ఉండవచ్చని 2007లో ఒక చర్మవైద్య నిపుణుడు ప్రతిపాదించాడు. అప్పటినుంచి చర్చ అంతా రోగం పేరు చుట్టూనే తిరుగుతోంది. ఆ ప్రతిపాదన బలాన్నీ పరిమితులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అయితే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని వాదిస్తుంది. ఆ బాధతో జీవించడం ఆ గ్రంథం రూపాన్ని ఏ మేరకు నిర్ణయించింది? మార్క్స్–ఎంగెల్స్ లేఖలలో దీనికి నిర్దిష్టమైన సమాధానాలు ఉన్నాయి.

కీలకపదాలు: మార్క్స్, ఎంగెల్స్, కాపిటల్, చర్మవ్యాధులు, హైడ్రాడినైటిస్ సుప్పురాటివా, పనిదినం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

1867 జూన్ 22న ఎంగెల్స్‌కు రాసిన లేఖలో మార్క్స్ ఒక కోరిక వెలిబుచ్చాడు. బూర్జువాలు బతికినంతకాలం తన కురుపులను గుర్తుంచుకోవాలన్నది ఆ కోరిక. ఈ మాట లేని మార్క్స్ జీవితచరిత్ర అరుదు. దాదాపు ప్రతిచోటా ఇది చమత్కారంగానే కనిపిస్తుంది. మహామేధావి తన అవస్థను చూసి తానే నవ్వుకున్నాడని చెప్పి రచయితలు ముందుకు సాగిపోతారు. ఆ మాట దేనికి జవాబుగా వచ్చిందో, దాని తర్వాతి వాక్యం ఏ విషయానికి మళ్ళిందో చెప్పేవారు తక్కువ. ఆ రెండు విషయాలూ తెలిస్తే చమత్కారం స్వభావమే మారిపోతుంది. ఆ సందర్భానికి ఈ వ్యాసం చివరలో తిరిగి వస్తాను.

తెలుగు పాఠకులకు మార్క్స్ జీవితం కొత్తది కాదు. లండన్ ప్రవాసం, పేదరికం, పసిబిడ్డల మరణాలు, బ్రిటిష్ మ్యూజియం పఠనమందిరం అందరూ ఎరిగినవే. రంగనాయకమ్మ 'మార్క్స్ "కాపిటల్" పరిచయం' వంటి రచనల ద్వారా గ్రంథంలోని విషయమూ మనకు చేరింది. ఆ గ్రంథం రాసిన మనిషి కొన్ని వారాలపాటు కూర్చోలేని స్థితిలో ఉండి రాశాడన్న సంగతి మాత్రం ఒక వాక్యానికి మించి చర్చకు రాలేదు. దీనికి కారణం లేకపోలేదు. గొప్ప సిద్ధాంతాన్ని శరీరబాధతో ముడిపెడితే సిద్ధాంతం చిన్నబోతుందన్న భయం ఒకటి. రోగం వచ్చిన చోటు గురించిన బిడియం మరొకటి.

పరిభాష గురించి ఒక మాట. మార్క్స్, ఎంగెల్స్ తమ జర్మన్ లేఖల్లో వాడిన పదాలు 'కార్బుంకెల్', 'ఫురుంకెల్'. మొదటిదానికి లాటిన్ మూలంలో 'చిన్న నిప్పుకణిక' అని అర్థం. తెలుగులో రాచకురుపు, రాచపుండు అనే మాటలున్నా, రాచపుండు ఇప్పుడు క్యాన్సర్ అనే అర్థంలో స్థిరపడింది. అందువల్ల ఈ వ్యాసంలో రాచకురుపు, కురుపు, వ్రణం అనే మాటలనే వాడుతున్నాను. ఫురుంకెల్ అంటే మనం సెగగడ్డ అనేదే.

2. లేఖల్లో వ్యాధి గమనం

వ్యాధి తీవ్రరూపం 1863 నవంబరులో కనిపిస్తుంది. మార్క్స్ వయస్సు అప్పటికి 45. వీపుమీద పెద్ద రాచకురుపు లేచింది. కుటుంబ వైద్యుడు డాక్టర్ అలెన్ దాన్ని కోసి చీము తీశాడు. భార్య జెన్నీ, ఇంట్లో మనిషిగా కలిసిపోయిన హెలెన్ డెముత్ రాత్రింబగళ్ళు పరిచర్య చేశారు. మందుగా సూచించినవాటిలో పోర్టు, క్లారెట్ వంటి ద్రాక్షసారాయిలు, గాఢమైన బీరు, పుష్టికరమైన ఆహారం ముఖ్యమైనవి. శరీరం బలహీనపడటం వల్లనే కురుపులు లేస్తాయని, బలమిస్తే అవి పోతాయని నాటి వైద్యం నమ్మింది.

నవంబరు 30న ట్రియర్‌లో తల్లి హెన్రియెట్ మరణించింది. డిసెంబరు 2న ఈ వార్తను ఎంగెల్స్‌కు తెలుపుతూ, తానుకూడా ఒక కాలు సమాధిలో పెట్టి వచ్చినవాడినేనని మార్క్స్ రాశాడు. పుండు పూర్తిగా మానకముందే ట్రియర్‌కు ప్రయాణమయ్యాడు. అక్కడినుంచి హాలండ్‌లోని జాల్ట్‌బోమెల్‌లో ఉన్న పినతండ్రి వరుస బంధువు లియోన్ ఫిలిప్స్ ఇంటికి చేరగానే కొత్త కురుపులు లేచాయి. 1864 ఫిబ్రవరిదాకా కదలలేకపోయాడు. (ఈ లియోన్ ఫిలిప్స్ కొడుకు, మనుమడు కలిసి 1891లో స్థాపించిన సంస్థే తర్వాత విద్యుద్దీపాల ఫిలిప్స్ కంపెనీగా ప్రసిద్ధికెక్కింది. పెట్టుబడి విమర్శకుడికి ఆశ్రయమిచ్చిన ఇల్లు అది.)

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మార్క్స్ కుటుంబం అతిహీనమైన పేదరికం అనుభవించింది 1850లలో, సోహోలోని డీన్ స్ట్రీట్ గదుల్లో. లేఖల్లో కురుపుల ప్రస్తావన దట్టమయ్యేది మాత్రం 1863 తర్వాత. తల్లి ఆస్తిలో వాటా, 1864 మేలో మరణించిన మిత్రుడు విల్‌హెల్మ్ వోల్ఫ్ రాసిచ్చిన సొమ్ము అందింది, కుటుంబం కొంత మెరుగైన ఇంటికి మారింది కూడా ఆ ఏడాదే. 'పేదరికం రోగాన్ని తెచ్చింది' అనే సులువైన సూత్రం ఈ కాలక్రమానికి పొసగదు. పేదరికం రోగాన్ని భరించడాన్ని మరింత కష్టం చేసింది. దాన్ని పుట్టించిందనడానికి మాత్రం ఆధారం చాలదు.

వ్యాధికి పతాకస్థాయి 1866 ఆరంభం. ఆ ఏడాది జనవరి 1నుంచి మార్క్స్ 'కాపిటల్' శుద్ధప్రతిని రాయడం మొదలుపెట్టాడు. కొద్ది వారాలకే మంచం పట్టాడు. జనవరి చివర జెన్నీ జెనీవాలోని యోహాన్ ఫిలిప్ బెకర్‌కు భర్త తరఫున లేఖ రాసి పరిస్థితి చెప్పవలసివచ్చింది. ఈసారి ప్రాణానికే ముప్పు వచ్చిందని, ఇంట్లోవారికి ఆ తీవ్రత తెలియదని మార్క్స్ ఫిబ్రవరిలో ఎంగెల్స్‌కు రాశాడు. ఇలాంటిది మరో మూడు నాలుగు సార్లు వస్తే తాను బతకనని కూడా చెప్పాడు.

ఫిబ్రవరి 20 నాటి లేఖ వైద్యచరిత్రకు సంబంధించి అసాధారణమైన పత్రం. మర్మావయవాల పరిసరాల్లో వైద్యులు చేయి పెట్టడం తాను సహించలేనని, అందుకే పదునైన మంగలికత్తి తీసుకుని కురుపును తానే కోసుకున్నానని మార్క్స్ అందులో చెప్పాడు. రక్తం చిమ్మిన తీరునూ వర్ణించాడు. ఆ కత్తి ఎవరిది? చనిపోయిన మిత్రుడు వోల్ఫ్‌ది. మిత్రులు ఆయన్ని 'లూపస్' అని పిలిచేవారు. 'తోడేలు' అనే అర్థంగల లాటిన్ పదం అది. చర్మాన్ని తినేసే ఒక రోగానికి కూడా వైద్యులు అదే పేరు పెట్టుకున్నారు. ఈ వోల్ఫ్‌కే 'కాపిటల్' మొదటి సంపుటం అంకితమైంది. అంకితపత్రంలో కార్మికవర్గపు ధీరయోధుడిగా కనిపించే మనిషి కత్తితోనే ఆ గ్రంథకర్త తన కురుపు కోసుకున్నాడు.

కత్తిని కాచి వాడాలన్న జ్ఞానం అప్పటికి వైద్యులకే లేదు. జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్సపై తన వ్యాసాలను 'లాన్సెట్' పత్రికలో ప్రచురించింది 1867లో, అంటే 'కాపిటల్' వెలువడిన ఏడాదే. చీముగడ్డల్లోని స్టాఫిలోకోకస్ క్రిమిని అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గుర్తించి పేరు పెట్టేసరికి 1880లు వచ్చాయి.

మాంచెస్టర్‌లో ఎంగెల్స్ తన వైద్యమిత్రుడు ఎడ్వర్డ్ గుంపెర్ట్‌ను సంప్రదించాడు. ఆయన ఆర్సెనిక్ వాడమన్నాడు, సముద్రపు గాలికి పంపమన్నాడు. ఆర్సెనిక్‌తో చర్మవ్యాధులకు చికిత్స చేయడం పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి ఇంగ్లండ్‌లో స్థిరపడిన పద్ధతే. మార్చి మధ్యలో మార్క్స్ మార్గేట్ అనే సముద్రతీర పట్టణానికి వెళ్ళి సుమారు నెలరోజులున్నాడు. అక్కడ సముద్రస్నానాలు చేశాడు, కాంటర్‌బరీదాకా కాలినడకన వెళ్ళివచ్చాడు. పని మాత్రం ఆగిపోయింది.

3. రోగానికి పేరు: 2007 ప్రతిపాదన

న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్య ఆచార్యుడిగా పనిచేసి విరమించిన సామ్ షూస్టర్ ఈ లేఖలను ఆధారం చేసుకుని 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీ'లో ఒక వ్యాసం రాశాడు. అది 2007లో వార్తలకెక్కింది. మార్క్స్‌కు వచ్చినవి వేర్వేరు సెగగడ్డలు కావని, హైడ్రాడినైటిస్ సుప్పురాటివా అనే ఒకే దీర్ఘకాలిక వ్యాధి అని ఆయన వాదన.

ఈ వ్యాధి సాధారణంగా చంకలు, గజ్జలు, పిరుదులు, మర్మావయవాల పరిసరాల్లో, అంటే చర్మం చర్మాన్ని ఒరుసుకునే చోట్ల వస్తుంది. లోతైన, నొప్పిగల గడ్డలు లేచి, పగిలి, చీముకారి, మానినట్టే మాని మళ్ళీ లేస్తాయి. కాలం గడిచేకొద్దీ చర్మం అడుగున ఒక గడ్డనుంచి మరొకదానికి సొరంగాల వంటి దారులు ఏర్పడతాయి. గట్టిపడిన మచ్చలు మిగులుతాయి. పారిస్ శస్త్రవైద్యుడు వెల్పో 1839లో ఇలాంటి గడ్డలను వర్ణించాడు. అదే నగరానికి చెందిన వెర్నోయ్ 1854నుంచి దశాబ్దకాలం రాసిన వ్యాసాల్లో వీటిని స్వేదగ్రంథులకు ముడిపెట్టి ప్రత్యేకమైన పేరు పెట్టాడు. ఆ పేరునుంచే నేటి పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో అభిప్రాయం మారింది. వ్యాధి మొదలయ్యేది స్వేదగ్రంథిలో కాదని, రోమకూపం మూసుకుపోయి పగలడంతోనని, తర్వాత శరీరపు రోగనిరోధక వ్యవస్థ అదుపుతప్పి ప్రతిస్పందిస్తుందని నేటి అవగాహన. అపరిశుభ్రత దీనికి కారణం కాదు. ఇది అంటువ్యాధీ కాదు. పొగతాగడానికీ దీనికీ సంబంధం ఉందని పరిశీలనలు చెబుతున్నాయి. మార్క్స్ చుట్టలు విపరీతంగా తాగేవాడు.

అంటే మార్క్స్ మంగలికత్తి పట్టుకున్న సమయానికి ఈ రోగం పారిస్‌లో పేరున్న రోగమే. లండన్‌లో ఆయన్ని చూసిన వైద్యులకు మాత్రం అది రాచకురుపే. ఒక్కో కురుపునూ కొత్త రోగంగా చూసి, ఒక్కోసారి కొత్తగా వైద్యం చేశారు. మార్క్స్ కూడా తన కాలేయాన్ని నిందించుకున్నాడు, రాత్రిళ్ళు మేలుకుని పనిచేయడాన్ని నిందించుకున్నాడు. తనకున్నది ఒకే రోగమని తెలియకుండానే జీవించాడు.

4. ప్రతిపాదన పరిమితులు

షూస్టర్ వాదనకు బలం వ్యాధి వచ్చిన చోట్లలో, పునరావృతిలో ఉంది. నాకూ అది చాలావరకు సమ్మతమే. కానీ మూడు విషయాలు మనసులో ఉంచుకోవాలి. నిర్ధారణ మొత్తం రోగి రాసిన లేఖలమీద ఆధారపడింది. మార్క్స్ మంచి వర్ణనకారుడే అయినా వైద్యుడు కాడు. ఈ వ్యాధి సాధారణంగా యౌవనంలో మొదలవుతుంది. మార్క్స్ లేఖల్లో తీవ్రంగా కనబడేది 45వ ఏట. అలాగే 1863 నాటి పెద్ద కురుపు లేచింది వీపుమీద. అది ఈ వ్యాధికి అసాధ్యమైన స్థానం కాదు గాని ప్రధానమైన స్థానమూ కాదు. కనుక 'అయి ఉండవచ్చు' అన్న క్రియారూపాన్ని 'అయింది'గా మార్చే అధికారం మనకు లేదు. పత్రికలు ఆ పని ఒక్కరోజులో చేసేశాయి.

షూస్టర్ మరో అడుగు ముందుకు వేశాడు. ఇలాంటి చర్మవ్యాధి మనిషిలో తనపట్ల తనకే ఏవగింపును, కుంగుబాటును కలిగిస్తుందని, మార్క్స్ రచనల్లోని పరాయీకరణ భావనకు ఇది దోహదం చేసి ఉండవచ్చునని సూచించాడు. ఈ సూచనను నేను అంగీకరించలేను. పరాయీకరణను మార్క్స్ విస్తారంగా చర్చించింది 1844 నాటి పారిస్ రాతప్రతుల్లో. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. మనకు ఆధారాలున్న తీవ్రవ్యాధికి అది దాదాపు ఇరవై ఏళ్ళ ముందుమాట. పైగా ఆ భావనకు హెగెల్, ఫాయర్‌బాఖ్‌ల దాకా పోయే తాత్త్విక వంశవృక్షం ఉంది. దాన్ని వదిలి గజ్జలోని గడ్డ దగ్గర వెదకడం చరిత్ర కాదు.

దీనికి ఎదురుగా మరో వాడుక వాదన ఉంది. ఈ కురుపులు పుస్తకం ముగించలేని మనిషి మానసిక సంఘర్షణకు శారీరక రూపాలని కొందరంటారు. 'కాపిటల్' 1867 సెప్టెంబరులో హాంబుర్గ్‌లోని ఓటో మైస్నర్ ప్రచురణగా వెలువడింది. ఆ శీతకాలంలోనే, 1868లోనూ, కురుపులు మళ్ళీ వచ్చాయి. పుస్తకం అచ్చయిన సంగతి వాటికి పట్టలేదు.

ఈ రెండు వాదనలూ రోగాన్ని రచనకు మూలకారణంగానో, రచనను రోగానికి మూలకారణంగానో చూస్తాయి. లేఖలు చెప్పేది అంత గంభీరమైనది కాదు. అయితే అది ఇంకా నిర్దిష్టమైనది. ఏ రోజు ఏ పని చేయగలిగాడు, ఏది చేయలేకపోయాడు అన్నదే వాటిలో ఉంది.

5. 'పనిదినం' అధ్యాయం

1866 ఫిబ్రవరి 10 నాటి లేఖ ఈ వ్యాసానికి కీలకమైన ఆధారం. కూర్చోవడం ఎలాగూ కుదరదని, పడుకునే, రోజులో కొద్దికొద్ది సేపు పని సాగించానని మార్క్స్ చెప్పాడు. అసలైన సిద్ధాంతభాగంలో ముందుకు పోలేకపోయానని, అందుకు తన మెదడు సహకరించలేదని ఒప్పుకున్నాడు. అందువల్ల పనిదినం గురించిన భాగాన్ని చారిత్రకంగా విస్తరించానని, ఇది తన మొదటి ప్రణాళికలో లేదని స్పష్టంగా రాశాడు.

ఈ మాటల బరువును అంచనా వేయాలంటే ఆ అధ్యాయం ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. ఆంగ్లానువాదంలో పదవ అధ్యాయంగా ఉన్న 'పనిదినం' గ్రంథంలోకెల్లా ఎక్కువమంది చదవగలిగిన, చదివిన భాగాల్లో ఒకటి. ముందున్న అధ్యాయాలు సరుకు, విలువ, అదనపు విలువ అనే భావనలను అంచెలంచెలుగా నిర్మిస్తాయి. ఇక్కడికి రాగానే మనుషులు కనిపిస్తారు. కుండల తయారీలో ఊపిరితిత్తులు చెడిన కార్మికులు, అగ్గిపుల్లల పరిశ్రమలో దవడలు కుళ్ళిన పిల్లలు వస్తారు. 1863 జూన్‌లో ఇరవై ఆరున్నర గంటలు ఎడతెగకుండా కుట్టుపని చేసి మరణించిన ఇరవై ఏళ్ళ మేరీ ఆన్ వాక్లీ వస్తుంది. వీటికి మూలాలు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు, బాలకార్మిక కమిషన్ నివేదికలు, పత్రికా వార్తలు. పార్లమెంటు ముద్రించిన ఆ నీలిపుస్తకాలను ఎక్కువమంది సభ్యులు తెరిచి చూడని రోజులవి. మార్క్స్ వాటిని పడకమీద చదివాడు.

పనిపద్ధతి దృష్ట్యా ఇది సహజమే. భావనల నిర్మాణానికి ఎడతెగని ఏకాగ్రత కావాలి. నివేదికనుంచి ఒక సాక్ష్యం తీసి, కుదించి, దాని పక్కన మరొకటి పేర్చే పని అరగంటసేపు చేసి ఆపవచ్చు. నొప్పి తగ్గాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు. దీర్ఘవ్యాధితో పనిచేసే పరిశోధకులెవరికైనా ఈ తేడా అనుభవంలోనిదే. సిద్ధాంతగ్రంథం మధ్యలో సాంఘిక చరిత్రగ్రంథం పుట్టడానికి ఒక కారణం ఈ అరగంటలు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. పనిదినం గురించి రాయాలన్న నిర్ణయం వ్యాధి చేసింది కాదు. ఆ భాగం ప్రణాళికలో ముందే ఉంది. ఇంగ్లండ్ ఫ్యాక్టరీ చట్టాల చరిత్రపై ఆయన ఆసక్తి అంతకంటే పాతది. వ్యాధి నిర్ణయించింది దాని పరిమాణాన్ని, రూపాన్ని. అదే అధ్యాయంలో లండన్ రొట్టెల తయారీ గురించిన భాగంలో, పిండిలో కలిసే చెమట, సాలెగూళ్ళు, చచ్చిన పురుగులతోపాటు చీముగడ్డల స్రావం కూడా ఒక వస్తువుగా వస్తుంది. తన శరీరంలో చీము కారుతున్న రచయిత ఈ వాక్యం రాస్తున్నాడని చెప్పి ఏదో గొప్ప అన్వయం చేయాలని మొదట నాకూ అనిపించింది. కానీ ఆ వివరం రొట్టెల కార్మికుల స్థితిపై ట్రెమెన్‌హీర్ సమర్పించిన ప్రభుత్వ నివేదికనుంచి వచ్చింది. అది అక్కడ ఉండడానికి మార్క్స్ శరీరంతో పనిలేదు.

ఆ ఏడాది జరిగిన మరో సంగతి కూడా ప్రస్తావించాలి. 1866 సెప్టెంబరులో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంఘం మహాసభ ఎనిమిది గంటల పనిదినాన్ని డిమాండుగా ఆమోదించింది. ప్రతినిధుల కోసం సూచనలపత్రం తయారుచేసినవాడు మార్క్సే. అమెరికాలోని బాల్టిమోర్‌లో అంతకు కొద్దిరోజుల ముందు జరిగిన కార్మిక మహాసభ కూడా అదే కోరింది. అధ్యాయం ఈ రెండు తీర్మానాల ప్రస్తావనతో ముగింపుకు వస్తుంది. ఫిబ్రవరిలో మంచంమీద పోగైన సామగ్రి శరత్కాలానికల్లా ఒక ఉద్యమపు నినాదం పక్కన చేరింది.

6. ఒక్క సంపుటమే ఎందుకు

1865 జూలై 31న మార్క్స్ ఎంగెల్స్‌కు రాసిన లేఖలో, తన రచనలు ఏ లోపాలున్నా ఒక కళాత్మకమైన సమగ్రతగలవని, మొత్తం తన కళ్ళముందు ఉంటేనేగాని ఏ భాగాన్నీ అచ్చుకు పంపలేనని పట్టుబట్టాడు. ఏడు నెలలు తిరగకముందే ఆ పట్టు సడలింది. 1866 ఫిబ్రవరి 10న ఎంగెల్స్ రాత్రిపని మానమని, ముందు మొదటి సంపుటాన్ని ప్రచురణకు ఇచ్చేయమని ఒత్తిడి చేశాడు. మిగిలింది తర్వాత చూసుకోవచ్చన్నాడు. ఫిబ్రవరి 13న మార్క్స్ ఒప్పుకున్నాడు. రాతప్రతి మొత్తం ఉన్నా అది తాను తప్ప మరెవరూ, ఎంగెల్స్ సైతం, ప్రచురించగలిగిన స్థితిలో లేదని అదే లేఖలో చెప్పాడు.

ఆ చివరిమాట ఎంత నిజమో ఎంగెల్స్‌కు మార్క్స్ మరణించాక తెలిసివచ్చింది. రెండో సంపుటం 1885లో, మూడోది 1894లో, ఆయన ఏళ్ళతరబడి శ్రమిస్తేగాని రాలేదు. సంపుటాల మధ్య వైరుధ్యం గురించి, ఎంగెల్స్ పరిష్కరణ గురించి శతాబ్దంపైగా సాగిన వాదాలన్నిటికీ ఒక మొదలు 1866 ఫిబ్రవరిలో ఉంది. వ్యాధి లేకపోతే మార్క్స్ మూడూ ముగించేవాడని చెప్పలేం. ఆయన వాయిదాల చరిత్ర కురుపులకంటే పాతది. విడిగా ప్రచురించాలన్న ఆ నిర్ణయం మాత్రం ప్రాణభయం మధ్య జరిగింది.

7. పరిచర్య, ఖర్చు

ఈ కథలో రోగి ఒక్కడే లేడు. పిండికట్లు మార్చింది, రాత్రిళ్ళు కూర్చున్నది, ఉత్తరాలు రాసింది ఆడవాళ్ళు. అక్షరాలు పోల్చుకోవడం కష్టమైన భర్త దస్తూరీని ముద్రణకు పనికొచ్చేలా తిరగరాసినదీ జెన్నీయే. లేఖాసంపుటాల్లో మార్క్స్ నొప్పికి వందల వాక్యాలున్నాయి. హెలెన్ డెముత్ నిద్రలేమికి ఉన్నవి చాలా తక్కువ.

సారాయి బుట్టలు, వైద్యుల రుసుములు, మార్గేట్ ఖర్చులు చాలావరకు ఎంగెల్స్ భరించాడు. 1864నుంచి ఆయన మాంచెస్టర్‌లోని ఎర్మెన్ అండ్ ఎంగెల్స్ నూలు సంస్థలో భాగస్వామి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు చదువుతున్న రోగికి మందు ఒక నూలు ఫ్యాక్టరీ లాభంనుంచి వచ్చింది. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు, దాన్ని దాచుకోలేదు కూడా.

బిడియం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మర్మస్థానాల కురుపుల గురించి మార్క్స్ ఎంగెల్స్‌తో నిస్సంకోచంగా మాట్లాడాడు. బయటివారికి మాత్రం 'అనారోగ్యం', 'రాచకురుపు' అనేవరకే. 1867 ఏప్రిల్ 30న అమెరికాలోని సీగ్‌ఫ్రీడ్ మేయర్‌కు రాస్తూ, ఇన్నాళ్ళూ సమాధి అంచున వేలాడానని, ఈ గ్రంథంకోసం ఆరోగ్యాన్నీ సుఖాన్నీ కుటుంబాన్నీ బలిపెట్టానని చెప్పాడు. రోగం ఎక్కడ వచ్చిందో చెప్పలేదు. బేబెల్, బెర్న్‌స్టయిన్ 1913లో ప్రచురించిన లేఖాసంపుటాలు కోతలతో వచ్చాయి. రియజానోవ్ చొరవతో పూర్తి పాఠం 1929–31 మధ్య వెలువడ్డాకే పరిశోధకులకు ఈ మనిషి మొత్తంగా కనబడ్డాడు.

ఈ బిడియానికి నేటికీ వైద్యపరమైన మూల్యం ఉంది. హైడ్రాడినైటిస్ సుప్పురాటివా రోగులకు మొదటి లక్షణం కనిపించిననాటినుంచి సరైన నిర్ధారణకు సగటున ఏడేళ్ళకుపైగా పడుతోందని, సోరియాసిస్ విషయంలో అది రెండేళ్ళలోపేనని 2015లో ప్రచురితమైన ఒక బహుదేశ పరిశీలన తేల్చింది. రెండూ చర్మంమీద కనిపించే రోగాలే. ఒకటి మోచేతిమీద చూపించవచ్చు. రెండోది చూపించాలంటే బట్టలు విప్పాలి. అడాలిముమాబ్ అనే జీవౌషధానికి ఈ వ్యాధి చికిత్సకోసం అమెరికాలో అనుమతి లభించింది 2015లోనే. వెల్పో వర్ణననుంచి లెక్కిస్తే 176 ఏళ్ళకు.

8. రెండో ఫారం

ఇక 1867 జూన్. అచ్చుప్రతులు ఫారాల వారీగా మాంచెస్టర్‌కు వెళుతున్నాయి. జూన్ 16న ఎంగెల్స్ తన అభిప్రాయం రాశాడు. ముఖ్యంగా రెండో ఫారంమీద కురుపుల ముద్ర గట్టిగానే పడిందని, ఇప్పుడిక మార్చడానికి వీలులేదని అన్నాడు. విలువ రూపం గురించిన కఠినమైన విశ్లేషణ ఉన్న చోటది. ఈ పాఠంలో శరీరబాధను మొదట చదివినవాడు ఆధునిక వైద్యుడు కాదు, గ్రంథానికి తొలి పాఠకుడైన ఎంగెల్సే.

వ్యాసారంభంలో పేర్కొన్న జూన్ 22 లేఖ దీనికి జవాబు. బూర్జువాలు తన కురుపులను గుర్తుంచుకోవాలన్న మాట ఈ విమర్శను అందుకుని అన్నది. దాని వెంటనే మార్క్స్ బూర్జువాల నీచత్వానికి తాజా ఉదాహరణ అంటూ ఎత్తుకున్న విషయం బాలకార్మిక కమిషన్. ఐదేళ్ళుగా ఆ కమిషన్ చేస్తున్న పని, దానిపై వచ్చిన శాసనప్రయత్నాలు, పరిశ్రమాధిపతుల అడ్డంకులు ఆ లేఖలో ఉన్నాయి. కురుపులనుంచి కమిషన్ నివేదికలకు మళ్ళిన ఈ దారి 1866 ఫిబ్రవరిలో మంచంమీద పడినదే.

ఎంగెల్స్, హానోవర్‌లోని మిత్రుడు కుగెల్‌మన్ ఇద్దరూ సూచించడంతో మార్క్స్ విలువ రూపాన్ని సులభంగా వివరిస్తూ ఒక అనుబంధం రాసి మొదటి ముద్రణ చివర చేర్చాడు. 1872–73లో వచ్చిన రెండో ముద్రణకు మొదటి అధ్యాయాన్ని తిరగరాసి, అనుబంధాన్ని అందులో కలిపేశాడు. 1887 నాటి ఆంగ్లానువాదానికి ఆధారం అంతకంటే తర్వాతి మూడో జర్మన్ ముద్రణ. కనుక ఆంగ్లంద్వారా 'కాపిటల్' చదివిన తెలుగు పాఠకులకు ఎంగెల్స్ కురుపుల ముద్ర చూసిన ఆ రెండో ఫారం అందలేదు. 'పనిదినం' మాత్రం ఆ ఫిబ్రవరిలో పెరిగిన పరిమాణంతోనే ఉంది.